ఎవ్వరూ రాని నాడు కూడా

ఆ రోజు పొద్దున కూడా అలవాటు ప్రకారం మా మధ్యాహ్నం బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను: "ఈ రోజు క్లాసుకు ఎవరెవరు వస్తున్నారు?" కుక్కర్‌లో పప్పు పెట్టి వచ్చేసరికి శోభ జవాబిచ్చింది, తాను వస్తున్నానని. నాతో కలిపి ఇద్దరం. ఇంకొక్కరు చెబితే క్లాసు ఉంటుంది. అంతలో లత ఫోన్ చేసింది. లతది బటన్ల ఫోను, వచ్చేదీ రానిదీ మాటతోనే చెబుతుంది. ముగ్గురమయ్యాం అనుకుంటూ ఫోన్ ఎత్తాను.

"అక్కా, మేడం సచ్చిపోయిందటక్కా" అంది.

లతే చెప్పుకుంటూ పోయింది. "పొద్దుగాల జగిత్యాల్ల ఇంట్ల చాయ్ తాగుతాందట. గుండెల నొస్తాందన్నదట. దవాఖానకు తీస్కపోతాంటె తొవ్వల్నే పానం పోయిందట. బీడీల కార్ఖానల చెప్పిండ్రక్కా."

ఫోన్ పెట్టేశాక చూస్తే గ్రూపులో నా ప్రశ్న అలాగే ఉంది. దాన్ని తీసేయాలో, దాని కిందే ఈ వార్త రాయాలో చాలాసేపు తోచలేదు. చివరికి కిందే రాశాను. ఇప్పటికీ ఆ గ్రూపు తెరిస్తే ఆ రెండూ ఒకదాని కింద ఒకటి కనబడతాయి.

కోరుట్ల, జగిత్యాల కాలేజీల్లో చదువుకున్నవాళ్లలో కొందరికి మా మేడం గుర్తుండే ఉంటారు. ఏళ్ల తరబడి కంప్యూటర్ పాఠాలు చెప్పారు. పుట్టింది సిరిసిల్లలో, నాలాగే సాంచెల చప్పుడు మధ్య. మరమగ్గాలను మా దగ్గర సాంచెలు అంటారు. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం అయిపోయాక జగిత్యాలలో తమ్ముడి ఇంట్లో ఉంటూ, కోరుట్ల బస్టాండుకు దగ్గర్లో ఒక టైలర్ దుకాణం పైగదిలో మధ్యాహ్నాలు ఇల్లాళ్లకు ప్రోగ్రామింగ్ నేర్పేవారు. ఫీజు సంగతి ఎవరైనా ఎత్తితే, "ఆడోళ్లకు బస్సు ఫిరీ అయింది గద, బస్సుతోని నేను గూడ ఫిరీ" అనేవారు.

మేడం గురించి పత్రికకు నాలుగు మాటలు రాయమని బ్యాచ్‌లో అందరూ నన్నే అడిగారు. పద్ధతిగా రాస్తానట. ఆ మాట వింటేనే ఇప్పుడు లోపల ముల్లు కదిలినట్టుంటుంది. ఆమె క్లాసుకు పద్ధతి పెట్టింది నేనే. ముగ్గురి కన్నా తక్కువైతే ఆ రోజు క్లాసు వద్దన్నది నేనే. ఇప్పుడు ఆ గది తాళంచెవి కూడా నా దగ్గరే ఉంది. గది ఉంచాలో, ఖాళీ చేయాలో నెలాఖరులోపు చెప్పమని మేడం తమ్ముడు నన్నే అడిగారు. అడగడానికి అంతకన్నా తగని మనిషి ఆయనకు దొరకదు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

నేను ఆ గదికి మొదటిసారి వెళ్లింది ఇంటి లెక్కలు కంప్యూటర్‌లో రాసుకోవడం నేర్చుకుందామని. పెళ్లయినప్పటి నుంచి పాలు, కూరగాయలు, గ్యాసు, పిల్లల ఫీజులు ఏ నెలకానెల రాసి పెట్టే అలవాటు నాది. మా బిడ్డ హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతూ ఫోన్‌లో స్నేహితులతో మాట్లాడే మాటల్లో సగం నాకు అర్థమయ్యేవి కావు. అదొక పంతం. మేడం నన్ను చూసి, "ఏ ఊరు చెల్లె మనది?" అన్నారు. సిరిసిల్ల అనగానే మొహం వెలిగిపోయింది. "అయితె నీకు చెప్పాల్సిన పని లేదు. పోగు తెగితె యాడ తెగిందో ఎతుక్కొని ముడేసుడు సిన్నప్పట్నే జూసినవ్. గిది గూడ గంతే."

మేడం హాజరు తీసుకునేవారు కాదు. నిన్న ఎందుకు రాలేదని ఎవరినీ అడగగా నేను వినలేదు. వచ్చినవాళ్లను చూసి "అచ్చినవా, కూసో" అనేవారు, అంతే. ఆమె మాకన్నా ముందే వచ్చి చెప్పులు గడప ముందు కాకుండా దూరంగా గోడ మూలకు విడిచేవారు. ఆ మూల వాన పడితే తడుస్తుంది, ఎండకు కాలుతుంది. గడప దగ్గరే విడవచ్చు కదా మేడం అని ఒకసారి అన్నాను. "గడప ముంగట మీ అందరి జాగ" అన్నారు. పెద్దావిడ చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

తమ్ముడి భార్య బియ్యప్పిండితో చేసిన సర్వపిండి రొట్టె డబ్బాలో పెట్టుకుని వచ్చేవారు. ముక్కలు కోసి తేవచ్చు, తేలికగా పంచవచ్చు. ఎప్పుడూ కోయకుండా గుండ్రంగా మొత్తం తెచ్చేవారు. అందరం కూర్చున్నాక, పాఠం అయ్యాక, చేత్తో విరిచి పంచేవారు. ఎక్కువమంది ఉన్న రోజు గోరంత, తక్కువమంది ఉన్న రోజు అరచేయంత. "ముందుగాల్నే కోస్తె ముక్కలకు సరిపడ మనుసులను ఎతుక్కోవాలె" అనేవారు. అది కూడా నాకు అప్పుడు సరదా మాటగానే వినబడింది.

ఫంక్షన్ల పాఠం మొదలైన రోజు నాకు బాగా గుర్తు. ఫంక్షన్ అంటే ఒక పనిని ఒకసారి రాసి పేరు పెట్టుకుంటే, ఆ పేరుతో పిలిచినప్పుడల్లా కంప్యూటర్ చేసి పెట్టేది. మేడం ముందే బోర్డు మీద ఏదీ రాసేవారు కాదు. "మీ ఇంట్ల రోజు చేసే పని ఒకటి చెప్పుండ్రి" అన్నారు. నేను వంట అన్నాను. మా ఇంటికి చుట్టాల రాకపోకలు ఎక్కువ. ఏ ఇంటి నుంచి ఎంతమంది వస్తున్నారో చెబితే ఎన్ని గ్లాసుల బియ్యం పెట్టాలో చెప్పే ఫంక్షన్ రాద్దామన్నాను.

"పేరేం పెడ్తవ్?"

పైథాన్ అనే ఆ కంప్యూటర్ భాషలో పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చని ఆ రోజే తెలిసింది. బువ్వ అని పెట్టాను. పక్కన బ్రాకెట్లలో మా ఇంటికి ఎప్పుడూ వచ్చే మూడిళ్లు రాశాను: ఆడబిడ్డ, మరిది, తమ్ముడు. నాలుగు, మూడు, రెండు అని అంకెలిచ్చి నొక్కితే ఎన్ని గ్లాసులో ఠక్కున చెప్పింది. నేను రాసినదానికి ఒక యంత్రం జవాబు చెప్పడం నాకదే మొదలు. పక్కవాళ్లకు కనబడేలా కుర్చీ కొంచెం జరిగాను కూడా.

మేడం వచ్చి నా వెనక నిలబడ్డారు. "మంచిగున్నది చెల్లె. గని ఇయ్యాల మీ తమ్ముడు రాలె. రెండే ఇయ్యి, జూద్దాం."

రెండు అంకెలిచ్చి నొక్కాను. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషులో ఉన్నదాని అర్థం, నాకు రావలసినవాటిలో ఒకటి తక్కువైంది, అది 'తమ్ముడు' అని.

పక్క కుర్చీలోంచి శోభ తొంగి చూసింది. శోభ భర్త మస్కట్‌లో ఉంటాడు. చిన్నపిల్ల తల్లి, నోరు మాత్రం ఊరికే ఉండదు. "అక్కా, మీ తమ్ముడు తప్పిపోయిండట! సిరిసిల్లకు ఫోన్ గొట్టు జల్ది" అంది. గదంతా నవ్వు.

"ఇప్పుడు మీ తమ్ముడు అచ్చిండు, మీ చిన్నమ్మ బిడ్డ గూడ అచ్చింది. నాలుగియ్యి" అన్నారు మేడం.

నాలుగిచ్చాను. మళ్లీ ఎరుపే. నేను మూడే తీసుకుంటాను, నువ్వు నాలుగిచ్చావు అంటోంది.

లత అప్పటిదాకా వెనక కూర్చుని చూస్తోంది. లత బీడీలు చుడుతుంది. కార్ఖానాలో ఆకు ఇవ్వని రోజుల్లోనే క్లాసుకు వస్తుంది. "గిదేం బువ్వక్కా? చుట్టం తక్కువైతె కొట్లాడుతది, ఎక్కువైతె కొట్లాడుతది. అచ్చం మా అత్త లెక్కనే ఉన్నది" అంది. ఈసారి మేడం కూడా కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

నవ్వు ఆగాక, నేను రాసిన మూడు పేర్లూ చెరిపించి, వాటి జాగాలో ఒకే పేరు రాయించారు: వచ్చినోళ్లు. దాని ముందు ఒక స్టార్ గుర్తు.

"గీ స్టార్ ఎందుకంటె, వాకిలి తీసి పెట్టుడు అన్నట్టు. ఒక్కరచ్చినా, పదిమంది అచ్చినా అందర్ని ఒక్క సంచిల ఏస్కొని లోపటికి తెస్తది. లోపటికి పోయినంక నువ్వు సంచిలకెల్లి ఒక్కొక్కర్ని తీసి లెక్క జేస్కో. ఎందరస్తరో ముందుగాల చెప్పాల్సిన పని లేదు."

నాకు అది మింగుడు పడలేదు. "ఎందరస్తరో ఎరుక లేకుంటె ఎట్ల మేడం? ఫంక్షన్‌కు ఇబ్బంది గాదా?"

"ఫంక్షన్‌కేం ఇబ్బంది లేదు చెల్లె" అన్నారు మేడం. "నీకే ఇబ్బంది."

అందరితో పాటు నేనూ నవ్వాను. ఆమె నన్ను అంత తొందరగా చదివేశారన్న సంగతి ఇంటికి వచ్చాక కూడా నాకు తట్టలేదు.

ఆ తర్వాత నేను చేసిన తప్పు ఒకటుంది. అంకెలన్నీ ఒక జాబితాగా ముందే సర్దుకుని, ఆ జాబితాను అట్లాగే ఫంక్షన్‌కు ఇచ్చాను. విడివిడిగా రాయడం కన్నా అది పద్ధతిగా ఉంటుందని నా ఆలోచన. మళ్లీ ఎర్ర అక్షరాలు. మేడం చూసి, "మూతి కట్టిన మూట ఇచ్చినవ్. దానికి గది ఒక్కటే చుట్టం అనుకున్నది" అన్నారు. ఇచ్చేచోట కూడా ముందు ఒక స్టార్ పెట్టించారు. మూట మూతి విప్పినట్టు అంకెలు విడివిడిగా లోపలికి వెళ్లాయి. సరిగ్గా జవాబొచ్చింది. నావన్నీ మూతి కట్టిన మూటలే అని శోభ చాలా రోజులు ఏడిపించింది.

ఆ పాఠంలో చివరి సంగతి మాత్రం నేను రోజూ తలుచుకుంటున్నాను. ఇంటికి సగటున ఎన్ని గ్లాసులు పడుతున్నాయో కూడా చెప్పేట్టు ఒక వరుస కలిపాను. మేడం నా పక్కనుంచి చెయ్యి చాపి, బువ్వ అని కొట్టి, పక్కన ఖాళీ బ్రాకెట్లు పెట్టి నొక్కారు. లోపల ఒక్క అంకె కూడా లేదు. సున్నాతో భాగించమంటే ఏ లెక్కయినా కూలుతుంది. నాదీ కూలింది.

"ఎవ్వరు రాకుంటె పొయ్యి పగులుతదా చెల్లె?" అన్నారు.

"ఎవ్వరు రానినాడు మనం ఎందుకు పిలుస్తం మేడం?" అన్నాను. కొంచెం రోషంగానే అన్నాను.

"పిలుసుడు మన పని. అచ్చుడు, రాకుడు ఆళ్ల పని. ఎవ్వరు రాకుంటె సున్న అని చెప్పి మంచిగ ఊకోవాలె. కూలిపోవద్దు." ఆమె చెప్పినట్టే ఒక వరుస కలిపాను. ఖాళీ బ్రాకెట్లిస్తే సున్నా వచ్చింది. అవసరం లేని వరుస అనుకుంటూనే కలిపాను.

ఇక నా పద్ధతి సంగతి.

మొదట్లో గది నిండేది. వానకాలం వచ్చాక తగ్గడం మొదలైంది. నాట్ల పని ఉన్నవాళ్లు పొలాలకు వెళ్లారు. శోభ పిల్లకు జ్వరాలు. లతకు ఆకు దొరికితే రాదు, దొరక్కపోతే వస్తుంది. ఒకరోజు నేనొక్కదాన్నే వెళ్లాను. మేడం గంటసేపు నా ఒక్కదానికే చెప్పారు. సర్వపిండి సగానికి విరిచి, పెద్ద సగం నాకిచ్చారు. కిందికి దిగుతుంటే మెట్ల మధ్యలో ఇనుపకడ్డీ పట్టుకుని ఆగిపోయారు. మోకాళ్ల నొప్పి అన్నారు. "జెర ఆగు చెల్లె, బస్సు ఎటు పోతది, గది గూడ మన లెక్కనే ఆలిస్యం" అని నవ్వబోయి, నవ్వలేక నుదురు తుడుచుకున్నారు.

మర్నాడు అందరి ముందు అడిగాను. "మేడం, ఒకరికోసం ఇద్దరికోసం మీరు జగిత్యాల సంది గీ మెట్లెక్కుడు నాకు మనసున పడ్తలేదు. ముగ్గురన్న ఉంటేనె క్లాసు పెట్టుకుందాం. పొద్దుగాల్నే నేను గ్రూపుల అడిగి, తక్కువుంటె మీకు ఫోన్ జేస్త."

మేడం కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. "స్టార్ నేర్పిన. మళ్ల మూడు పేర్లకాడికే అచ్చినవ్" అన్నారు. తర్వాత నా మొహం చూసి, "సరే తియ్యి. మంచికే జెప్తానవ్ గద" అన్నారు.

మేడం కోసమే అన్నాను. అది అబద్ధం కాదు. కానీ దాని పక్కన ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పకపోతే ఈ నాలుగు మాటలకు విలువ లేదు. క్లాసు ఉంటుందో, ఎంతమంది ఉంటారో తెలియని మధ్యాహ్నాలు నాకు పడేవి కావు. ఏది ఎప్పుడో పొద్దున్నే తేలిపోతే నా రోజు సాఫీగా నడుస్తుంది. ఆ సౌకర్యానికి మేడం మోకాళ్లను అడ్డం పెట్టుకున్నాను.

పద్ధతి పెట్టాక మనుషులు ఇంకా తగ్గారు. ఇంకో ఇద్దరు చెప్పాక చూద్దాం అని ఎవరికి వారు ఆగేవారు. అందరూ ఆగితే ఎవరూ చెప్పరు. వంట అయ్యేదాకా చూసి, ఎవరూ చెప్పకపోతే నేను మేడంకు ఫోన్ చేసేదాన్ని. "ఇయ్యాల లేదు మేడం, ఇంట్ల పండుకోండ్రి." ఆమె ఎప్పుడూ ఒకటే మాట అనేవారు: "మంచిది చెల్లె, నీ పని జూస్కో." ఆమెకు విశ్రాంతి ఇప్పించానని తృప్తిగా ఫోన్ పెట్టేసేదాన్ని.

అంత్యక్రియలకు మేడంను సిరిసిల్లకు తీసుకెళ్లారు. నేను, శోభ, లత బస్సులో బయల్దేరాం. శోభ పిల్లను అత్త దగ్గర వదిలి వచ్చింది. వేములవాడలో బస్సు ఆగినప్పుడు లత కిటికీలోంచి బయటికి చూస్తూ, "పోయిన బేస్తారమే నాకు మళ్ల అదే స్టార్ పాఠం జెప్పింది. సర్వపిండి మొత్తం నాకే పెట్టింది" అంది.

"పోయిన బేస్తారం క్లాసు లేకుండె గద" అన్నాను. "నీకు నేనే ఫోన్ జేసిన."

"జేసినవక్కా. నేను కార్ఖానల బీడీలిచ్చి అట్ల పోతాంటె పైన కిటికి తెరిసున్నది. ఏందని ఎక్కి జూస్తె మేడం కూసున్నది."

"ఎందుకు కూసున్నది?"

"ఎందుకంటె? మేడం రోజు ఉంటది గద."

శోభ లత వైపు తిరిగింది. "రోజా? క్లాసు లేనినాడు గూడనా?"

"నేను ఎప్పుడు పోయినా ఉన్నది వదినె. నాకైతె తాళం ఏసినట్టు ఎన్నడు కనవడలె."

"నాకెందుకు చెప్పలె లతా?" అన్నాను.

లత కాసేపు కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంది, విప్పింది. "నీ మాట తప్పి అచ్చిన్నని నువ్వేమన్న అంటవని. మేడం గూడ అన్నది. అక్కకు చెప్పకు బిడ్డ, నా మోకాళ్లకు ఫికర్ జేస్తాంది, ఆమె మనసు నొస్తది అన్నది."

అప్పుడే కండక్టర్ బస్సు రేకు మీద చేత్తో చరిచి "రైట్, రైట్" అన్నాడు. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. "మంచిది చెల్లె, నీ పని జూస్కో" అన్న మేడం గొంతు వెనక ఫోన్‌లో ఎన్నోసార్లు విన్నాను అదే చప్పుడు. ఇంటి ముందు బస్సు పోతోందేమో అనుకునేదాన్ని. అంతకు మించి ఆలోచించలేదు. నేను ఇంట్లో పడుకోమని చెబుతున్నప్పుడు ఆమె బస్సులో కోరుట్ల దారిలో ఉన్నారు.

సిరిసిల్లలో ఆ వాడకట్టు సాంచెలన్నీ ఆ పూట బందు పెట్టారు. సాంచెల మధ్య పుట్టినవాళ్లకు ఆ నిశ్శబ్దం చెవుల్లో నొప్పిలా ఉంటుంది. వచ్చినవాళ్లలో ఎవరు ఎప్పటి విద్యార్థులో తెలియదు. చంకలో పిల్లతో ఒకామె, యూనిఫాంలోనే వచ్చిన కానిస్టేబుల్ ఒకతను, తలకు రుమాలు చుట్టుకున్న సాంచెల పనివాళ్లు. మేడం మొహం ప్రశాంతంగా ఉందని అందరూ అంటున్నారు. నేను ఎక్కువసేపు చూడలేకపోయాను.

అంతా అయ్యాక మేడం తమ్ముడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "మీరు కోరుట్ల బ్యాచోళ్లా అమ్మా? మీ మాటలే జెప్పేది ఇంట్ల. మద్యానం అయితె అక్కను ఇంట్ల ఆపుడు మా వల్ల కాలె. ఇయ్యాల క్లాసు లేదని ఎవలో ఫోన్ జేద్దురు. అయినా పోయేది. ఎందుకక్కా, లేదన్నరు గద అంటె, ఎవలన్న అచ్చి తాళం జూసి మర్ల పోవద్దు గదరా అనేది."

శోభ చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఫోన్ చేసింది నేనే అని ఆయనకు చెప్పాలనుకున్నాను. అక్క పోయిన మనిషికి ఆ పూట నా భారం కూడా ఎత్తడం న్యాయం అనిపించలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఇది అచ్చయ్యాక ఒక ప్రతి ఆయనకు పంపుతాను. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, "లెక్కలు జూసేటామె మీరేనట గద, అక్క చెప్పేది. గది సంగతి మీరే ఆలోచించి చెప్పుండ్రి" అని నా చేతిలో పెట్టారు. నా గురించి ఇంట్లో చెప్పిన మాటల్లో ఫిర్యాదు ఒక్కటీ లేనట్టుంది. ఉన్నా బాగుండేది.

కోరుట్లకు తిరిగొచ్చాక కింది టైలర్‌ను కలిశాను. ఆయన మిషన్ ఆపి, కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపాడు. "రోజచ్చేది మేడం. ఊడ్సుకునేది, కుర్సీలు సదురుకునేది, ఫ్యాన్ ఏస్కొని కూసునేది. ఎవ్వలన్న అస్తె మాటలు ఇనవడేటియి, లేకుంటె ఫ్యాన్ చప్పుడే. ఒకనాడు అడిగిన, ఎవ్వరు రాలె గద, ఏం జేస్తాన్రు మేడం అని. ఎసరు పెట్టి కూసున్న తమ్మీ అన్నది. నాకైతె సమజ్ గాలె. పైన పొయ్యి ఏడున్నది?"

నాకు సమజైంది.

తర్వాత కొన్ని రోజులు ఆ తాళంచెవి మా వంటింటి మేకుకు వేలాడింది. మా బిడ్డ ఫోన్‌లో, "అమ్మా, నువ్వు ఆమె మంచి కోసమే చేసినవ్ గదా, ఊకే మనసు కష్టపెట్టుకోకు" అంది. మా ఆయన కూడా అదే అన్నారు. ఇద్దరిదీ నిజమే కావచ్చు. కానీ ఎవరి మంచి ఏమిటో వాళ్లను అడక్కుండా తేల్చేయడం నాకున్న జబ్బు అని వాళ్లిద్దరికీ తెలుసు, మర్యాదకు అనలేదు. ఆమెకు కాళ్లు నొప్పి పెట్టాయి, నిజం. ఆ నొప్పితోనే వచ్చి ఆమె కూర్చోవాలనుకున్నారు, అదీ నిజం. రెండోది నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ ఖాళీ మధ్యాహ్నాల్లో ఆమె ఎదుట కనీసం నేనొక్కదాన్నయినా ఉండేదాన్ని. ఆమె ఫ్యాన్ కింద ఒంటరిగా కూర్చున్న గంటల్లో నేను నాలుగు వీధుల అవతల బట్టలు మడత పెట్టుకుంటున్నాను, పని తెమిలిందని సంతోషపడుతూ.

మొన్న గ్రూపులో మెసేజ్ పెట్టలేదు. ఎవరినీ అడగలేదు. పొద్దున మేడం తమ్ముడికి ఫోన్ చేసి, గది ఉంచండి, మేమే చూసుకుంటాం అన్నాను. మధ్యాహ్నం మేకు మీది తాళంచెవి తీసుకుని వెళ్లాను. పొద్దున పడిన వానకు మెట్లు తడిగా ఉన్నాయి. మేడం ఆగిన మెట్టు దగ్గర నేనూ ఆగాను. కడ్డీ పట్టుకున్నాను.

తాళం తీస్తే మూసి ఉన్న గది వాసన వచ్చింది. బోర్డు మీద లతకు చెప్పిన పాఠం చెరపకుండా ఉంది. మేడం గుండ్రటి అక్షరాలతో బువ్వ అని, పక్కన ఖాళీ బ్రాకెట్లు, కింద ఒక సున్నా. చెరిపే బట్ట చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాను. ఊడ్చాను. కుర్చీలు సర్దాను. ఎన్ని కుర్చీలు వేయాలో తెలియక ఉన్నవన్నీ వేశాను. కిటికీ తెరిచి, ఫ్యాన్ వేసి కూర్చున్నాను. సర్వపిండి డబ్బా బల్ల మీద పెట్టాను. చేతులు ఊరుకోక ఇంటి దగ్గరే కోయబోయాను. కోయకుండానే తెచ్చాను.

కంప్యూటర్ పెట్టి, నేను రాసిన ఫంక్షన్ తెరిచి, ఖాళీ బ్రాకెట్లతో పిలిచాను. సున్నా అని చెప్పి ఊరుకుంది. నేను అవసరం లేదనుకున్న వరుస అది.

కింద మిషన్ ఆగింది. టైలర్ ఎవరితోనో ఏదో అంటున్నాడు. మెట్ల మీదికి ఎవరైనా వస్తున్నారేమో అని లేచి వాకిట్లోకి వెళ్లాను. మిషన్ మళ్లీ మొదలైంది. ఎవరూ లేరు. నా చెప్పులు మాత్రం సరిగ్గా గడప ముందు, దారికి అడ్డంగా ఉన్నాయి. వంగి వాటిని తీసి, దూరంగా గోడ మూలకు, మేడం చెప్పులు ఉండేచోట పెట్టాను. ఆ మూల ఇంకా తడి ఆరలేదు. గడప ముందు జాగా అంతా ఖాళీగా ఉంది.